తెల్ల కొంగల టైల్స్

మందమర్రిలో ఎల్లక్క ఇంటి వెనక నులక మంచం మీద ఒకప్పుడు మిరపకాయలు ఎండేవి. ఏడాదిగా సీసా మూతలు ఎండుతున్నాయి. కూల్‌డ్రింకు మూతలు, నూనె డబ్బాల మూతలు, షాంపూ మూతలు, ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ, అన్నీ సబ్బునీళ్లలో కడిగి పోసినవే. ఆ రోజు పొద్దున కూడా ఎల్లక్క చాయ్ తాగి, కొంగు నడుముకు దోపి, మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. రంగుకొక గంప. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే, నోరు గోడ అవతలి బాలవ్వతో ముచ్చట పెడుతోంది.

"ఇంకెన్ని కావాల్నట నీ కోడలికి?" అంది బాలవ్వ, తాను పోగుచేసిన మూతల సంచి గోడ మీద పెడుతూ.

"ఎన్నున్నా సాలయి. తెల్లయి ఉన్నయా జర జూడు. తెల్లయే కరువైనయ్."

"తెల్లయి యాడియి? అన్నీ నీలంయే."

ఎల్లక్క నిట్టూర్చి సంచి అందుకుంది.

పని కోడలు భూమికది. ఖానాపూర్ పిల్ల, డిగ్రీ చదివింది. పెళ్లయి వచ్చిన రెండేళ్లకు హైదరాబాద్ పోయి పదిహేను రోజులు నేర్చుకుని, మూతపడ్డ బేకరీ నుంచి ఒక పాత కరెంటు ఓవెన్ కొనుక్కొచ్చి వెనక రేకుల షెడ్డులో పెట్టింది. మూతల్ని ముక్కలు చేసి, ఇనుప అచ్చులో బొమ్మ ప్రకారం పరిచి, ఓవెన్‌లో కరిగించి, పైనుంచి లారీ జాకీతో నొక్కితే గోడకు అంటించుకునే టైలు తయారవుతుంది. ఏ రెండు టైల్సూ ఒక్కలా రావు. చూసినవాళ్లు ఇది ప్లాస్టిక్ అంటే ఒక పట్టాన నమ్మరు.

మొదట్లో ఎల్లక్క ఒంటికాలి మీద లేచింది. "డిగ్రీ సదివి చెత్త ఏరుకుంటదట మా కోడలు!" అని వాడకట్టులో నలుగురి ముందూ అనేసింది. భూమిక ఆ మాట విన్నది. విని, తలవంచుకుని లోపలికి పోయింది తప్ప తిరిగి ఒక్క మాట అనలేదు. తిరిగి నాలుగు మాటలు అని ఉంటే ఎల్లక్కకు ఎంత హాయిగా ఉండేదో! ఆ అనకపోవడమే ఆమెను లోపల్లోపల తొలిచేసింది. నెల తిరక్కుండానే తనంతట తనే పీట లాక్కుని మూతలు ఏరడానికి కూర్చుంది. ఎందుకు కూర్చుందో ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

ఇప్పుడు శ్రీరాంపూర్‌లోని ఒక బడి నుంచి మొదటి పెద్ద ఆర్డరు వచ్చింది. పిల్లలు చేతులు కడుక్కునే నల్లాల వెనక గోడ నిండా నూట ఇరవై టైల్స్. పచ్చని పొలం, దాని మీద వాలిన తెల్ల కొంగలు. పొలానికి కావలసిన ఆకుపచ్చ మూతలు గంపలకొద్దీ ఉన్నాయి. కొంగలకు తెలుపే లేదు. "ఇది మంచిగ జేస్తే ఇంకో రెండు బడులోళ్లు అడుగుతుండ్రత్తమ్మా," అని భూమిక చెప్పినప్పుడు ఆ పిల్ల కళ్లలో మెరుపు చూసి, ఎల్లక్క ఎట్లాగైనా తెలుపు సంపాదించాలని పట్టుబట్టింది.

సంపాదించింది కూడా. నాలుగు రోజుల కిందట సజ్జ మీద దేనికోసమో వెతుకుతుంటే, కరెంటు వైర్లను కప్పడానికి గోడకు కొట్టే తెల్ల ప్లాస్టిక్ పట్టీల కట్ట దొరికింది. పోయిన ఎండాకాలం వైరింగ్ చేయించినప్పుడు మిగిలినవి. పాలమీగడంత తెలుపు! "మూతలు తప్ప ఇంకేవీ వద్దత్తమ్మా," అని భూమిక మొదటిరోజే చెప్పిన మాట గుర్తుంది. గుర్తుంటే మాత్రం? కందిపప్పు చాలకపోతే గుప్పెడు పెసరపప్పు కలపని ఆడది ఎక్కడుంది? ప్లాస్టిక్ ప్లాస్టికే కదా అనుకుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కత్తెరతో గోరంత ముక్కలుగా కత్తిరించి, ముక్కలు చేసి ఉంచిన తెల్ల మూతల గంపలో కలిపేసింది. ఇన్ని తెల్లవి ఎక్కడివత్తమ్మా అని కోడలు ఆశ్చర్యపోతే, ఉన్నయి పో అని నవ్వేసి ఊరుకోవాలని ఆమె ఆశ.

భూమిక ఆశ్చర్యపోలేదు. మూడు రోజులుగా ఆ పిల్ల ముఖంలో నవ్వన్నదే లేదు.

"మళ్ల గట్లనే అయింది," అంటూ షెడ్డులోంచి వచ్చి, చేతిలోని టైలు మంచం మీద పెట్టింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "పొలం మంచిగొచ్చింది. కొంగలే మాడిపోయినట్లు గోధుమరంగుకు తిరుగుతున్నయి. అచ్చులకెంచి తీస్తుంటె ముక్కలు ముక్కలు ఊడొస్తున్నయి. వేడి ఎక్కువైతుందని తగ్గించి చూసిన. ఓవెన్ల మీటరే ఖరాబైనట్లుంది."

"మెకానిక్‌ను పిలిపిద్దాం తీయి," అంది ఎల్లక్క.

ఆ మాట పూర్తి కాకముందే ముందు వరండాలో దగ్గు మొదలైంది.

అది సాంబయ్య దగ్గు. ఎల్లక్క భర్త. ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గుబాయి దిగిన మనిషి, అందులో చివరి పద్దెనిమిదేళ్లు సర్దారు. షిఫ్టులో అందరికంటే ముందు దిగి, పైకప్పు కొట్టి చూసి, గాలి ఎట్లా ఉందో చూసి, లోపలికి రావొచ్చా లేదా అని చెప్పేది సర్దారే. రిటైరై ఆరేళ్లయింది. ఛాతీలో కొంత నెమ్ము మిగిలింది, నోట్లో సర్దారు గొంతు మిగిలింది. వినడానికే ఎవరూ మిగల్లేదు. పప్పు మాడిందని, కుక్కరు విజిల్ సరిగ్గా రాలేదని, కొడుకు బండి సైలెన్సరు పొగ కొడుతోందని పొద్దున లేస్తే ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. ఓవెన్ వచ్చిన రోజు నుంచి దాని వాసన గురించీ అంటూనే ఉన్నాడు. అందుకని మూడు రోజులుగా "ఈ వాసన ఆ వాసన గాదే" అని మొత్తుకుంటున్నా ఇంట్లో ఎవరూ చెవిన వేసుకోలేదు.

ఈసారి దగ్గు ఆగలేదు. ఎల్లక్క పరుగున పోయేసరికి సాంబయ్య గోడ పట్టుకుని ఒంగిపోయి ఉన్నాడు. కళ్ల నిండా నీళ్లు. నీళ్లు తాగిస్తే రెండు గుక్కలు తాగి, చెంబు పక్కకు నెట్టి, తూలుకుంటూ వెనక షెడ్డుకు పోయి మెయిన్ స్విచ్ దించేశాడు.

"ఇగ బందు," అన్నాడు. "ఇయ్యాల్టికెళ్లి ఈ పొయ్యి ఎలగొద్దు."

భూమిక గడప దగ్గరే నిలబడిపోయింది. "మామయ్యా, వారంల ఇయ్యాలె. ఇంక నలభై కూడా కాలే."

"నలభై గాదు, నాలుగు వందలు గానీ. గొంతుల సూదులు గుచ్చినట్లైతుంది. ఇది మంచి గాలి గాదు పిల్లా, నేనెరుగుదును."

"మీరు మొదటి రోజు నుంచి గట్లనే అంటున్నరు. మూతలు నావి, కడిగినయి, ఏరినయి. ఏడాదిసంది అవే మూతలు, అదే ఓవెన్. ఏడాది లేని దగ్గు ఇప్పుడెట్లొచ్చింది?"

"నా దగ్గుకు నిన్నడిగి రావాల్నా?"

ఎల్లక్క ఇద్దరి మధ్యా ఏదో ఒకటి అందామని నోరు తెరిచింది. అప్పుడే చూపు మంచం మీది టైలు మీద పడింది. మాడిన కొంగ రెక్కలో ఒక ముక్క కరగకుండా మిగిలి ఉంది. దాని అంచున సన్నటి గాడి. గోడ పట్టీ ఒకదాంట్లో ఒకటి బిగుసుకోవడానికి ఉండే గాడి అది. కత్తిరించేటప్పుడు ఆ గాడి దగ్గరే ఆమె వేలు ఒరుసుకుపోయింది.

ఎల్లక్క పై ప్రాణాలు పైనే పోయాయి. తెరిచిన నోరు అట్లాగే మూతపడింది. ఓవెన్ పాడవలేదు. మీటరూ పాడవలేదు. భర్త గొంతులో సూదులు గుచ్చింది తానే, తన చేతులతోనే!

చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంది. చెత్త ఏరుకుంటదని కోడల్ని అన్న నోటితో, నీ పని చెడగొట్టింది నేనేనని ఎట్లా చెప్పడం? సాంబయ్య దగ్గు ఎంత దూరం పోతుందో ఏమో, అది తన వల్లేనని కొడుక్కి ఎట్లా చెప్పడం? మజ్జిగ తెస్తానని చెప్పి వంటింట్లోకి పోయి, గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

ఫస్టు షిఫ్టు దిగి మూడున్నరకు కొడుకు సంపత్ వచ్చాడు. ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడుపుతాడు. ముఖమైనా కడుక్కోకముందే తండ్రి దగ్గు, భార్య ఎర్రబడ్డ కళ్లు చూసి సంగతి అడిగాడు. ఇద్దరూ చెప్పారు. ఇద్దరూ చెప్పింది నిజమే. కొడుకు మాత్రం తండ్రి పక్షమే తీసుకున్నాడు.

"బాపు పానం కంటే నీ టైల్స్ ఎక్కువనా భూమికా? ఆయన ఛాతి సంగతి నీకెరుక లేదా?"

"ఎరుకనే. నేనాయన పానం తీస్తున్ననని మీకనిపిస్తే ఇంకేం జెప్పాలె?" భూమిక నెమ్మదిగా అంది. "రేపు పొద్దున ఒక బండి మాట్లాడు. ఓవెన్ ఖానాపూర్ తీస్కపోత. మా బాపోళ్ల ఇంటెనక జాగ ఉన్నది. పని మాత్రం ఇడువ. ఇక్కడ పడకుంటే అక్కడ జేస్త."

"పోతె మళ్ల ఎప్పుడొస్తవ్?"

"నాకేమెరుక."

ఎల్లక్క తలుపు పట్టుకుని నిలబడింది. ఆ పిల్ల పోతే మళ్లీ రాదని ఆమె మనసుకు తెలిసిపోయింది. అలిగి పోయేవాళ్లు అరుస్తారు, బట్టలు విసిరేస్తారు. భూమిక అరవలేదు. అచ్చులు ఒకటొకటి తుడిచి, పాత చీరలో చుట్టి, అట్టపెట్టెలో పెడుతోంది.

సాంబయ్య వరండాలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. కోపం దిగిపోయినట్టుంది. ఏదో లెక్క తేలనివాడిలా గడ్డం గీక్కుంటున్నాడు. ఉన్నట్టుండి పిలిచాడు.

"పిల్లా, జర ఇటు రా."

భూమిక వచ్చి నిలబడింది.

"ఏడాది లేని దగ్గు ఇప్పుడెట్లొచ్చిందన్నవ్. ఆ మాట నాకు పట్టుకున్నది. బాయిల గాలి మారిందంటె యాడనో ఏదో మారినట్టే. మేం దాన్ని ఎతికేటోళ్లం. నీ మూతలల్ల మంచి సరుకేది, ఖరాబు సరుకేది అని జూసే తరీక ఏమన్నున్నదా?"

భూమిక ఒక క్షణం ఆయన ముఖంలోకి చూసింది. ఏడాదిలో మామ ఆమె పని గురించి అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఉన్నది మామయ్యా. నీళ్లల్ల ఎయ్యాలె. మూతల ప్లాస్టిక్ తేలుతది. మునిగిందంటె అది మనకు పనికొచ్చేది కాదు. కడిగేటప్పుడే చూస్త. ఈసారి తెల్లయి అత్తమ్మ..." అని ఆగింది. "ఈసారి తెల్లయి చూడలే."

"బకిట్ల నీళ్లు తే. తెల్ల గంప తే."

సంపత్ బకెట్టు తెచ్చాడు. భూమిక గంప తెచ్చి గుప్పెడు ముక్కలు నీళ్లలో వేసింది. కొన్ని పైన తేలాయి. మిగిలినవి బుడుంగున అడుక్కి పోయాయి. ఇంకో గుప్పెడు. మళ్లీ సగానికి సగం అడుక్కి.

భూమిక చెయ్యి ముంచి ఒక ముక్క తీసింది. వేలితో దాని అంచు తడిమింది. తల ఎత్తి సజ్జ వైపు చూసింది. సజ్జ మీద నుంచి ఆమె చూపు మెల్లగా దిగి ఎల్లక్క మీద ఆగింది. ఎల్లక్క తలదించుకుంది. ఇగ అయిపోయింది, ఇప్పుడు అంటది, అననీ, అనాల్సిందే అనుకుంది.

"నాదే తప్పు మామయ్యా," అంది భూమిక. "తెల్లయి సాలకుంటె గోడ పట్టీలు కత్తిరించి కలిపిన. గిది కాలితే ఇసుంటి గ్యాస్ వస్తదని సోంచాయించలే."

సంపత్ చివాలున లేచాడు. "నీకు బుద్ధున్నదా? నేర్సుకొచ్చిన అన్నవ్, డబ్బాలకొద్ది పుస్తకాలు సదివిన అన్నవ్..."

"ఆగురా!"

ఆ అరుపు ఎల్లక్కది. అంత గొంతు తనకుందని ఆమెకే తెలియదు.

"దాన్ని అనకు. అది కలపలే. నేను కలిపిన." ఇంకేముంది, కట్ట తెగింది. ఏడుపూ మాటలూ కలిసిపోయాయి. "కొంగలకు తెల్లయి లేవని నేనే కోసిన. ఒద్దని జెప్పినా ఇనలే. పొద్దుగాల్నే నాకు తెల్సింది, అయినా నోరు పెగల్లే. మీ బాపును నేనే సంపుకుందు, పిల్లను ఇంట్లకెంచి నేనే ఎల్లగొడుదు. దాని తప్పేం లేదురా, నా బిడ్డ తప్పేం లేదు."

గోడకు ఆనుకుని కింద కూలబడి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

సాంబయ్య ఆమెను అట్లాగే చూశాడు. గొంతు సవరించుకుని అడిగాడు.

"దేంతోని కోసినవే?"

"కత్తెరతోని," అంది కొంగు చాటు నుంచి.

"ఏ కత్తెర?"

"అద్దం కాడుండేది."

"నా మీసాల కత్తెరనా?" సాంబయ్య మీసం తడుముకున్నాడు. "గందుకేనా! మొన్నటిసంది మీసం తెగుతలేదు, పీకుతున్నది. కత్తెర ముసలిదైందా, నేను ముసలోన్నైన్నా అని పరేషాన్ అయితున్న!"

సంపత్ ఆపుకోలేక పక్కకు తిరిగి నవ్వాడు. భూమిక నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. ఏడుస్తూనే వచ్చి ఎల్లక్క పక్కన చతికిలబడింది.

"నువ్వెందుకు మీదేసుకున్నవ్ బిడ్డా?" అని అడిగింది ఎల్లక్క, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని.

"ఎవరి కోసం కోసినవో నాకెరుక లేదా అత్తమ్మా?"

"నిన్ను చెత్త ఏరుకునేదన్న. నలుగుట్ల అన్న. యాదున్నదా?"

"ఎందుకు లేదు? మస్తు యాదున్నది." భూమిక ముక్కు తుడుచుకుంది. "కని ఇప్పుడు ఏరేది నువ్వే గద."

ఎల్లక్క ఆమె వీపు మీద ఒకటి చరిచి, అదే చేత్తో దగ్గరికి లాక్కుంది.

ఆ సాయంత్రమే సంపత్ తండ్రిని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. గొంతు మండిందే తప్ప ఊపిరితిత్తులకు కొత్తగా ఏమీ కాలేదని, వారం రోజులు ఆ పొగకు దూరంగా ఉండమని, మందులు రాసి పంపాడు డాక్టరు. ఆ మాట ఫోనులో విన్నాక గానీ ఎల్లక్క ఒక ముద్ద నోట్లో పెట్టలేదు. బడి పంతులమ్మ స్వరూప కూడా, సంగతి ఉన్నదున్నట్టు చెప్పేసరికి, ఇంకో పదిహేను రోజులు గడువిచ్చింది. అచ్చులు అట్టపెట్టెలోంచి మళ్లీ షెడ్డులోకి పోయాయి. సంపత్ సెలవు పెట్టి గోడకు పొగ లాగే ఫ్యాను బిగించాడు.

మరి తెలుపు? దాని సంగతి సాంబయ్య చూసుకున్నాడు. "నా తోటి రిటైరైనోళ్ల ఇండ్లల్ల తెల్ల మూతలకేం కరువు? ఒక్కొక్కడు పొద్దుమాపు గుప్పెడు గోలీలు మింగుతుండు," అని సంచి పట్టుకుని బయలుదేరాడు. రాయమల్లు ఇల్లు, భూమన్న ఇల్లు, అట్లా వాడవాడా తిరిగి మందు డబ్బాల మూతలు రెండు సంచులు తెచ్చాడు. తెచ్చి, బకెట్టు ముందు కూర్చుని, ఒక్కొక్కటే నీళ్లలో వేసి చూశాడు. మునిగినదాన్ని రెండు వేళ్లతో తీసి ఎల్లక్కకు చూపించి మరీ అవతల పడేశాడు. ఎల్లక్క తిట్టుకుంటూనే ఆ ముచ్చట చూసింది.

ఎనిమిదో రోజు పొద్దున తెల్ల మూతలతో మొదటి అచ్చు ఓవెన్‌లోకి పోయింది. అరగంటయ్యాక భూమిక దాన్ని తీయడానికి షెడ్డులోకి అడుగుపెట్టబోయింది. సాంబయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగుండ్రి. నేను జెప్పిందాక ఎవ్వరు లోపలికి రావద్దు."

"మామయ్యా, డాక్టరు..."

"వారమైపోయింది. మూతికి గుడ్డ కట్టుకున్న. ఆడ్నే నిలబడు."

ఆయన ఒక్కడే లోపలికి పోయాడు. అత్తా కోడలూ గడప బయట నిలబడ్డారు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. ఎల్లక్క కోడలి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. చెవులు రిక్కించి దగ్గు కోసం విన్నది. ఒక్కసారి వినబడితే చాలు, ఈ ఓవెన్ సంగతి ఇక తానే తేల్చేసేలా ఉంది.

అప్పుడు అర్థమైంది ఆమెకు. ముప్పై ఒక్క ఏళ్లు ఈ మనిషి డబ్బా కట్టించుకుని బాయి మీదికి పోయాడు. పొద్దుగూకాక ఇంటికొచ్చి అన్నం తిన్నాడు, పడుకున్నాడు. లోపల ఏం చేసేవాడో ఆమె ఒక్కనాడూ అడగలేదు. ఆయన చెప్పలేదు. ఇదే చేశాడు. అందర్నీ బయట నిలబెట్టి, ఏముందో తెలియని చోటికి తాను ముందు నడిచాడు. రోజూ, పద్దెనిమిదేళ్లు. ఆ మనిషి వాసన గురించి చెబితే, ఇంట్లో ముగ్గురూ ముసలోడి గొణుగుడని కొట్టిపారేశారు. ఎల్లక్కకు కళ్లు నిండి, షెడ్డు తలుపు మసకగా కనబడింది.

లోపల ఓవెన్ తలుపు తెరిచిన చప్పుడైంది. సాంబయ్య బయటికొచ్చాడు. మూతికి కట్టుకున్న గుడ్డ గడ్డం కిందికి లాగి ఉంది. గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. దగ్గలేదు.

"గాలి మంచిగున్నది," అన్నాడు, ఇద్దరికీ కాదు, పదిమందికి చెబుతున్నట్టు గట్టిగా. "పోండ్రి. పని జేసుకోండ్రి."

భూమిక లోపలికి పరుగెత్తింది. జాకీ బిగించిన కిర్రుకిర్రు, కాసేపటికి అచ్చు విప్పిన చప్పుడు, ఆ వెంటనే కేక.

"అత్తమ్మా! తెల్లగున్నయి! పాలోలె తెల్లగున్నయి కొంగలు!"

ఎల్లక్క లోపలికి పోలేదు. ముందు భర్త దగ్గరికి పోయింది. వాడకట్టు చూస్తుందన్న సోయి కూడా లేకుండా ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి, ఊపిరి పైకీ కిందికీ సాఫీగా ఆడుతోందా లేదా అని తనే చూసుకుంది.